పిట్ట తల మాత్రమే కనిపిస్తే

"బండను చూడకండి సార్. బండను చూస్తే పోయి బండకే గుద్దుతారు. దాని పక్కన సందు ఉంది కదా, ఆ సందును చూడండి."

గుట్టల దారుల్లో సైకిల్ తొక్కడం నేర్పిన కుర్రాడు నాకు మొదటిరోజు చెప్పిన మాట ఇది. అతనికి పాతికేళ్ళుంటాయేమో. నాకు 48. చిన్నప్పుడు కిరాయి సైకిల్ మీద కైంచి తొక్కి, మోకాళ్ళు పగలగొట్టుకుని నేర్చుకున్నవాణ్ణి. ఈ వయసులో సైకిల్ తొక్కడం మళ్ళీ ఒకరి దగ్గర నేర్చుకోవలసి వస్తుందని అనుకోలేదు. అతని మాట నిజమని అరగంటలో తెలిసింది. రెండుసార్లు బండను చూశాను, రెండుసార్లూ బండకే గుద్దుకున్నాను. మూడోసారి సందును చూశాను, సందులోంచి పోయాను. చేతులతో నేను ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. చూపు ఎటు పోతే తల అటు పోయింది, తల వెంట భుజాలు, భుజాల వెంట హ్యాండిల్.

ఆ ఒక్క మాట వల్ల నేను నేర్చుకున్నదాని గురించీ, ఆ మాట వల్లే చేసిన ఒక తప్పు గురించీ రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి నాగపూర్ వైపు పోతుంది. శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి కరీంనగర్ వైపు పోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఈ రెండింటినీ అడ్డంగా దాటుతుంది. ఈ రోడ్ల మీద పోయేవాళ్ళకు కనిపించేవి ఫంక్షన్ హాళ్ళు, గోదాములు, ధాబాలు, జీనోమ్ వ్యాలీ కంపెనీల బోర్డులు, వెంచర్ల స్వాగత తోరణాలు. రోడ్డు దిగి లోపలికి పోతే సంగతి వేరు. చెరువు కట్టలు, పొలాలు, అక్కడక్కడ అడవి ముక్కలు, గుట్టలు. ఈ గుట్టల్లోని గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఎండకూ వానకూ అది పొరలు పొరలుగా విడిపోయి, పొడి అయి, చివరికి మొరం అవుతుంది. గట్టినేల మీద పలచగా పరుచుకున్న మొరంలో సైకిల్ తొక్కడమంటే గచ్చు మీద మినుములు పోసి వాటిమీద నడిచినట్టు.

ఆదివారం తెల్లవారుజామున నలుగురం కొంపల్లి నుంచి సైకిళ్ళు కార్లకు కట్టుకుని అక్కడికి పోతాం. ఏ ఊరి దగ్గరో చెప్పను. ఎందుకో వ్యాసం అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

నేర్చుకోవలసినవి వింటే చాలా తక్కువనిపిస్తాయి. దిగుడులో సీటు మీద కూర్చోకూడదు. పెడళ్ళు రెండూ ఒకే ఎత్తులో ఉంచి వాటి మీద నిలబడాలి. మోకాళ్ళూ మోచేతులూ కొంచెం వంచాలి. బరువు పాదాల్లో ఉండాలి, చేతులు తేలిగ్గా ఉండాలి. బ్రేకు మీద ఒక్కో వేలు చాలు. ఆగేటప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ముందు బ్రేకుకే పట్టెక్కువ. కానీ మొరంలో మలుపు తిరుగుతూ ముందు బ్రేకు నొక్కితే చక్రం జారుతుంది, మనం నేల మీద ఉంటాం. అందుకని మలుపు రాకముందే వేగం తగ్గించుకుని, మలుపులో బ్రేకు వదిలెయ్యాలి. రోడ్డు మీద తొక్కేటప్పటి కంటే టైర్లలో గాలి తగ్గించాలి, రాళ్ళ మీద టైరు కొంచెం అణిగి పట్టుకునేలా. ట్యూబు లేని టైర్లయితే మరీ మంచిది. సర్కారు తుమ్మ ముల్లో పల్లేరు కాయో దిగినా లోపల పోసిన ద్రవం ఆ చిల్లిని పూడ్చేస్తుంది.

ఇవన్నీ రెండు ఆదివారాల్లో నోటికి వచ్చేశాయి. ఒంటికి రావడానికి ఏడాది పట్టింది. మైకేల్ పొలాని 1958లో వచ్చిన 'పర్సనల్ నాలెడ్జ్'లో సైకిల్‌నే ఉదాహరణగా తీసుకున్నాడు. పడిపోబోతున్న వైపుకే హ్యాండిల్ తిప్పడం వల్ల సైకిల్ నిలబడుతుంది. ఎంత ఒరిగితే ఎంత వంపు తిరగాలనేదానికి లెక్క ఉంది, ఆ వంపు వేగం వర్గానికి విలోమంగా ఉంటుంది. ఆ లెక్క తెలిసినంత మాత్రాన ఎవరికీ సైకిల్ రాదు. సైకిల్ వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి ఆ లెక్క తెలియదు. విద్య మనసులోంచి ఒంట్లోకి దిగిపోతుంది. దిగిపోయాక దాని గురించి ఆలోచించం, ఆలోచిస్తే పడతాం. ఇంతవరకూ మంచిదే. నా చిక్కు కూడా అక్కడే మొదలైంది.

ఆ దారిలో ఒక దిగుడు ఉంది. పైన చదును బండ, తర్వాత వేళ్ళు తేలిన మట్టి, ఎడమకు ఒక గుడ్డి మలుపు, మలుపు లోపల రెండు రాళ్ళ మధ్య చక్రం పట్టేంత సందు, కింద వాగు ఇసుక. ఎన్నో రకాలుగా దిగగలిగిన చోట పడకుండా పోగల ఒకే ఒక్క గీత ఉంటుంది. దాన్ని మావాళ్ళు 'లైన్' అంటారు. ఆరు ఆదివారాలు ఆ మలుపు దగ్గర కాలు కింద పెట్టాను. రెండుసార్లు పడ్డాను. మోచేతి గాయం ఇంట్లో కనపడకుండా వారం రోజులు పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని తిరిగాను. ఏడో ఆదివారం, డిసెంబరు చలిలో, దిగేశాను. బండ, వేళ్ళు, మలుపు, సందు, ఇసుక. కింద నిలబడ్డ ముగ్గురూ చప్పట్లు కొట్టారు. ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

ఆ సాయంత్రం హెల్మెట్ మీది కెమెరాలో పడ్డ వీడియోను మా ఆవిడకు చూపించాను. ఆమె నా దిగుడును చూడనే లేదు.

"అయ్యో, ఆమె ఎవరండీ?" అంది.

మళ్ళీ వేసి చూశాను. మలుపు దగ్గర దారి అంచున ఒక ముసలామె నెత్తిన గడ్డిమోపుతో పైకి వస్తోంది. "సైడ్, సైడ్" అని నా గొంతు వినిపిస్తోంది. ఆమె పక్కనున్న సర్కారు తుమ్మ పొదలోకి జరిగింది. మోపు కింద పడింది. ఫ్రేములోంచి తప్పుకునేముందు ఆమె చెయ్యి ముళ్ళకొమ్మను పట్టుకుని ఉంది. మొత్తం నాలుగు సెకన్లు. మలుపు అడ్డం ఉంది కాబట్టి కింద ఉన్నవాళ్ళకు ఆమె కనిపించలేదు. నాకు ఎదురుగా, వెలుతురులో ఉంది. ఆమెను హెచ్చరించాను కూడా. అయినా ఆమె నాకు గుర్తు లేదు. చూసి మర్చిపోవడం కూడా కాదు, ఎందుకంటే ఆ సందుకు రెండు వైపులా ఉన్న రాళ్ళలో ఒకదాని మీది నాచు మరక నాకు ఈరోజుకీ గుర్తుంది. నా నోరు ఆమెను చూసింది. నేను చూడలేదు.

ఇందులో నా తప్పు ఉందా? ఉంటే సరిగ్గా ఎక్కడ ఉంది?

"చూసుకోలేదండీ" అనేది మన దగ్గర సగం క్షమాపణ, సగం సమర్థన. బస్సులో కాలు తొక్కినవాడూ అదే అంటాడు, స్కూటర్‌తో గుద్దినవాడూ అదే అంటాడు. సైన్సు కూడా దీనికి కొంత వత్తాసు పలుకుతుంది. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం గురించి రాశారు. బంతిని ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టమని వీడియో చూపిస్తే, ఆ ఆటగాళ్ళ మధ్యలోంచి గొరిల్లా వేషంలో ఒకరు నడిచివెళ్ళడాన్ని చూసినవాళ్ళలో దాదాపు సగం మంది గమనించలేదు. కంటి స్వభావమే అంత అనుకుంటే నన్ను తప్పుపట్టడానికేమీ లేదు.

కానీ అరిస్టాటిల్ 'నికోమాకియన్ ఎథిక్స్' మూడో భాగంలో ఇంకో సంగతి చెబుతాడు. తాగి తప్పు చేసినవాడికి శిక్ష రెట్టింపు వేసే చట్టాలు ఉండేవట. తాగినవాడికి ఆ క్షణంలో ఒళ్ళు తెలియదన్నది నిజమే, కానీ తాగకుండా ఉండటం అతని చేతిలో ఉన్న పని. తెలియకపోవడానికి కారణం తానే అయినప్పుడు తెలియకపోవడం సాకు కాదు. నేను తాగి లేను. కానీ ఏడాది పాటు డబ్బిచ్చి మరీ నేర్చుకున్నది ఆ చూడకపోవడాన్నే కదా. బండను చూడకు, ముల్లును చూడకు, పక్కనున్న పల్లాన్ని చూడకు. నీకు కావలసిన గీతను మాత్రమే చూడు. అడ్డంకులను చూడకపోవడం నా కంటికి బాగా అలవాటైంది. ఆరోజు ఆమె ఒక అడ్డంకి అయింది.

ఈ మాట మా గుంపులో ఒకాయనతో అంటే ఆయన నవ్వాడు. "ఎక్కువ ఆలోచిస్తున్నావు. ఆ వేగంలో ఆమెను చూసి ఉంటే ఆమెనే గుద్దేవాడివి. నువ్వు లైన్‌ను చూశావు కాబట్టే ఆమె బతికింది" అన్నాడు. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. దేన్నుంచి తప్పించుకోవాలని చూస్తామో దానిమీదికే పోవడాన్ని యుద్ధ విమానాల పైలట్లు 'టార్గెట్ ఫిక్సేషన్' అన్నారు. మొదటిరోజు బండ దగ్గర నాకు జరిగింది అదే. అంటే ఆ నాలుగు సెకన్లలో నేను చెయ్యవలసింది నేను చేసిందేనా? నా విద్యే ఆమెను కాపాడిందా?

ఈ చిక్కులో ఉండగా నాకు ద్రోణుడు పెట్టిన పరీక్ష గుర్తుకొచ్చింది. చెట్టు మీద ఒక బొమ్మ పిట్టను పెట్టించి, బాణం ఎక్కుపెట్టమని, ఏం కనిపిస్తోందని ఒక్కొక్కరినీ అడుగుతాడు. ధర్మరాజు తనకు చెట్టూ గురువుగారూ తమ్ముళ్ళూ పిట్టా అన్నీ కనిపిస్తున్నాయంటాడు. తప్పుకో అంటాడు ద్రోణుడు. అర్జునుడు పిట్టను మాత్రమే చూస్తున్నానంటాడు. చెట్టు కనిపించడం లేదు, మీరూ కనిపించడం లేదంటాడు. పిట్ట ఎలా ఉందో చెప్పమంటే, తల తప్ప ఇంకేమీ కనిపించడం లేదంటాడు. మన బళ్ళలో పిట్ట కన్ను అని చెబుతారు, వ్యాసభారతంలో ఉన్నది తల. ఏకాగ్రతకు ఇంతకు మించిన కథ లేదని చిన్నప్పటి నుంచీ విన్నాం. పదో తరగతి పరీక్షల ముందు మా హెడ్మాస్టరు కూడా ఇదే చెప్పాడు.

ఈసారి నాకు ధర్మరాజు మీద జాలి కలిగింది. ఉన్నది ఉన్నట్టు చూసినవాడు పరీక్ష తప్పాడు. గురువు కనిపించడం లేదని గురువు మొహం మీదే చెప్పినవాడు నెగ్గాడు. అదే అర్జునుడు ఏళ్ళ తర్వాత కురుక్షేత్రంలో, రథాన్ని రెండు సేనల మధ్య నిలపమని, ఎవరెవరితో పోరాడాలో చూస్తానని కృష్ణుణ్ణి అడుగుతాడు. తనంతట తాను అడిగి చూస్తాడు. తాతలు, గురువులు, మేనమామలు, అన్నదమ్ములు, కొడుకులు కనిపిస్తారు. చెట్టు కింద కనిపించని ద్రోణుడు ఇక్కడ కనిపిస్తాడు. గాండీవం చేతిలోంచి జారిపోతుంది. ఆ తర్వాత కృష్ణుడు ఇచ్చిన సమాధానం జోలికి నేను పోను, అది నా శక్తికి మించినది. నన్ను పట్టుకున్నది వరస. పిట్ట తల తప్ప ఏదీ చూడకుండా నేర్చుకున్న విద్యలో చూడకుండా వదిలేసినవన్నీ ఎక్కడికీ పోవు. అలాగే ఉంటాయి. ఎప్పుడో ఒకసారి అన్నీ కలిసి ఎదురుగా నిలబడతాయి. అర్జునుడికి రథం ఆపాక కనిపించాయి. నాకు సోఫాలో కూర్చుని వీడియో చూస్తే కనిపించాయి.

మా మిత్రుడికి జవాబు కూడా ఆ రథం ఆపడంలోనే దొరికింది. ఆ నాలుగు సెకన్లలో నా చూపు చెయ్యగలిగింది ఇంకేమీ లేదని ఒప్పుకుంటాను. తప్పు ఆ నాలుగు సెకన్లలో లేదు. దానికి ముందు, పైన చదును బండ మీద ఉంది. గుడ్డి మలుపు అని తెలుసు. దారి ఊరివాళ్ళదని తెలుసు. అంత వేగంలో నాకున్న చూపంతా ఆ గీతకే ఖర్చయిపోతుందని, ఇంకొకరికి ఒక్క పిసరు కూడా మిగలదని ఆరు ఆదివారాల అనుభవం మీద తెలుసు. తెలిసి వదిలాను బ్రేకు. అరిస్టాటిల్ తాగుబోతు తప్పు కూడా అక్కడే ఉంది, మొదటి గ్లాసు దగ్గర.

అప్పటి నుంచి నాకు నేను ఒక లెక్క పెట్టుకున్నాను. నేను పడకుండా పోగలిగినంత వేగం నా సామర్థ్యం. ఎదురొచ్చేవాళ్ళకు నా చూపులో చోటు మిగిలేంత వేగం నా హక్కు. ఈ రెండూ ఒకటి కావు. నేర్చుకునేవాడికి వీటి మధ్య దూరం చాలా ఎక్కువ. చెయ్యి తిరిగినవాడికి తక్కువ, ఎందుకంటే అతనికి లైన్ కోసం చూపంతా ఖర్చు పెట్టాల్సిన పని లేదు. మా కుర్రాడు అదే దిగుడులో దూరంగా పొలంలో కొంగలు వాలడం కూడా చూస్తాడు. కాబట్టి విద్య వద్దని నేననడం లేదు. విద్య పూర్తిగా రానివాడు వచ్చినవాడి వేగంతో పోవడం గురించే నా బాధ.

సరే, దీనికి రూల్స్ లేవా అంటే ఉన్నాయి. ఈ ఆట పుట్టింది అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో. 1976 అక్టోబరు 21న అక్కడ 'రీప్యాక్' అనే దిగుడు పందెం మొదటిసారి జరిగింది. పాత సైకిళ్ళ వెనక చక్రంలోని బ్రేకు కిందికి వచ్చేసరికి కాగి గ్రీజంతా కరిగిపోయేది, మళ్ళీ గ్రీజు కూరాలి, అందుకని ఆ పేరు. కొన్నేళ్ళకే అక్కడ నడిచేవాళ్ళకూ సైకిళ్ళవాళ్ళకూ గొడవలు మొదలయ్యాయి. 1988లో ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసికిలింగ్ అసోసియేషన్ ఏర్పడింది. నడిచేవాళ్ళకు సైకిల్‌వాడు దారి ఇవ్వాలి, దిగేవాడు ఎక్కేవాడికి దారి ఇవ్వాలి అని వాళ్ళ నియమావళి చెబుతుంది. ఆరోజు నేను ఈ రెండూ తప్పాను. కానీ ఆ రూల్స్ రాసినవాళ్ళ మనసులో ఉన్నది ఒక పార్కు. అక్కడ నడిచేవాడూ తొక్కేవాడూ ఇద్దరూ సెలవురోజు సరదాకి వచ్చినవాళ్ళే. మా దిగుడులో ఎదురైనామె పనిమీద ఉంది. ఆ దారి పడిందే ఆమెలాంటివాళ్ళ పాదాల వల్ల, మేకల గిట్టల వల్ల. మేం దాన్ని 'ట్రైల్' అని పిలుచుకున్నంత మాత్రాన అది మాదయిపోదు.

తర్వాతి ఆదివారం సైకిల్ కారు మీద నుంచి దించకుండా నడుచుకుంటూ పోయాను. రెండు వారాలు ఆమె కనిపించలేదు. మూడో వారం వాగు దగ్గర మేకలను తోలుతూ కనిపించింది. ఆమేనని మోచేతి దగ్గర గీరుకుపోయి మానిన మచ్చలను బట్టి అనుకున్నాను.

"అవ్వా, ఆరోజు సైకిల్ మీద వచ్చి నిన్ను ముళ్ళల్లకు జరిపింది నేనే. తప్పయింది" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వేనా? ఏమో బిడ్డా, మీరంత ఒక్క తీరే కొడ్తరు. నెత్తికి గిన్నె, కండ్లకు అద్దాలు."

"కాలికి ముల్లేమన్నా దిగిందా?"

"దిగింది. ఇర్గింది. నా కోడలు పిన్నీసుతోటి తీసింది." ఆ సంగతి అంతటితో వదిలేసి, "గా సైకిల్‌కు గంట లేదా?" అంది.

"లేదవ్వా."

"ఎంత వెట్టి కొన్నవ్?"

పదిహేను వేలన్నాను. అది అబద్ధం. అసలు ధర ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు.

"గన్ని పైసలు వెట్టి గంట లేకపాయె. మా ఇంటాయన రెండు దిక్కుల పాల క్యాన్లు కట్టుకొని గీ దారినే దిగుతుండె. ఊరు ఊరంత ఇనొచ్చేటట్టు గంట కొట్టుకుంట దిగుతుండె" అని మేకల వెనక పోయింది.

క్షమించానని ఆమె అనలేదు. తప్పు చేసినవాణ్ణి నేనేనని ఆమెకు నమ్మకం కూడా కుదరలేదు. నేను ఆమెను చూడలేదు, ఆమె నన్ను మిగతావాళ్ళ నుంచి వేరుచేసి చూడలేదు. నా క్షమాపణ సరైన చిరునామా లేని ఉత్తరంలా నా దగ్గరే ఉండిపోయింది. ఉండనీ అనుకున్నాను. అది నా దగ్గర ఉంటేనే ఆ బండ మీద బ్రేకు వదిలేముందు గుర్తొస్తుంది.

2016లో మేడ్చల్ జిల్లా ఏర్పడ్డాక కూడా ఆ గుట్టల వెనక చాలాకాలం పెద్ద మార్పు రాలేదు. ఇప్పుడు వాగు అవతల సున్నం కొట్టిన కడీలు వరసగా లేచాయి. వెంచర్ కరపత్రంలో లేఅవుట్ చూశాను. నలభై అడుగుల రోడ్లు, ప్లాట్లు, పార్కు, అన్నీ ఉన్నాయి. ఆమె మోపు ఎత్తుకుని వచ్చే బాట మాత్రం అందులో లేదు. గీసినవాడిది చెడ్డ మనసని నేననుకోను. అతనికి తన లైన్ కనిపించి ఉంటుంది.

సుచిత్ర దగ్గర ఒక పాత సైకిల్ షాపులో ఇత్తడి గంట దొరికింది. బిగించేటప్పుడు మా కుర్రాడు, "సార్, కుదుపులకు అదే మోగుతుంది, బుర్ర పాడైపోద్ది" అన్నాడు. నిజమే, మొరం మీద, వేళ్ళ మీద, ప్రతి రాయికీ అది తనంతట తనే మోగుతుంది. మావాళ్ళు దాన్ని గుడి అంటున్నారు. దిగుడు దగ్గరికి రాగానే నేను సైకిల్ బండ మీద పడుకోబెట్టి, మలుపు దాకా నడిచి చూసి, మళ్ళీ పైకెక్కి వస్తాను. పది నిమిషాలు పడుతుంది. కింద ముగ్గురూ వాచీలు చూసుకుంటూ ఉంటారు. అంత చేసీ, మొన్న ఆదివారం అదే మలుపులో మళ్ళీ కాలు కింద పెట్టాను.